కూత కలిసిన గొంతు

మధ్యాహ్నం అన్నాల వేళకు ఆదోని నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త పోయిందన్నారు. "పొద్దున కాఫీ తాగిందమ్మా. ఎండ బాగుందని వాకిట్లో కూసుండె. అంతే" అన్నాడు పక్కింటాయన. ఎండ బాగుందని ఆదోనిలో ఎవరైనా అంటారా, మా అత్త తప్ప! నాకు నవ్వొచ్చింది. ఎమ్మిగనూరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఆ నవ్వే ఏడుపైంది. కండక్టరు టికెట్ అడగకుండా ముందుకు వెళ్ళిపోయి, కాసేపాగి మళ్ళీ వచ్చాడు. మంచివాడు.

దారి పొడుగునా నా చెవిలో ఒకే మాట తిరిగింది. "పాట పోతే పోనీ మే, గొంతు నాకాడే ఉంది కదా." ఎప్పుడో ఎనభైల్లో మా అత్త అన్న మాట అది. ఆ గొంతు ఇవాళ ఆమెతోనే వెళ్ళిపోయింది కదా, ఇక మేమెక్కడ వెతుక్కోవాలి అని నా దిగులు. ఆ మాట ఆమె ఎందుకు అనవలసి వచ్చిందో మీకు చెప్పాలి.

మా నాన్న వాళ్ళది హొళగుంద పక్కన మెట్ట పల్లె. అత్త నాన్నకు అక్క. ఆదోనికి కోడలుగా వచ్చింది. మామ తొందరగా పోయాడు, పిల్లలు లేరు. పుట్టింటికి వచ్చెయ్యమంటే "ఆడికొచ్చి ఏం సేయల్ల? ఈడ మిల్లుంది, నా కాళ్ళున్నాయి" అని పత్తి మిల్లులో పనికి కుదురుకుంది. డెబ్బైల చివర్లో నేను కాలేజీకి ఆదోని వచ్చి ఆమె ఇంట్లోనే ఉన్నాను. మిల్లు వెనక సందులో ఒంటి గది, ముందు చిన్న వసారా. అత్త సాయంత్రం పని నుంచి రాగానే గడప బయటే నిలబడి కొంగు విదిలించి దూది దులుపుకునేది. జుట్టులో, కనుబొమల మీద కూడా తెల్లగా దూది పీచు ఉండేది. "యాభై ఏండ్లు మీద పడేసి పంపించినారు సూడు మే నన్ను" అని నవ్వి, మొహం కడుక్కుని మళ్ళీ తన వయసుకు వచ్చేది.

ఆమెది బొంగురు గొంతు. బొంగురంటే అణగారిన గొంతు కాదు. లోతుగా, నిండుగా, నూతిలోంచి చేద పైకి వస్తున్నట్టు వచ్చేది. మొగ గొంతు అనేవాళ్ళు. "పెండ్లిలో ఆడోళ్ళంతా పాడతాంటే నన్ను యెనక కూసోబెడతాండ్రి. యెనక కూసున్నా నేనే ఇనపడతాంటి, ఏం సేసుకుంటారు!" అనేది. వేళాకోళంగానే అనేది కానీ, చిన్నప్పుడు ఆ వెనక వరసలో కూర్చుని ఏడ్చిందని మా జేజి నాకు చెప్పింది. జేజి అంటే మా నాన్న తల్లి, అత్తను కన్నతల్లి. కూతురి గొంతును మెచ్చుకున్న మొదటి మనిషి ఆమే.

అత్తకు సంగీతం రాదు. స్వరాల పేర్లు తెలియవు. కానీ ఆమెకొక పద్ధతి ఉంది. మిల్లులో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం సైరన్ మోగేది. మా సందులో దాన్ని కూత అంటారు. ఆ కూత కింద నుంచి ఎక్కి, పైన కొంతసేపు నిలబడి, మళ్ళీ కిందికి దిగుతుంది. పొద్దున కూత ఎక్కి నిలబడగానే అత్త పొయ్యి ముందు కళ్ళు మూసుకుని, నోరు తెరవకుండా అదే ఎత్తున గొంతు కలిపేది. కూత దిగిపోయినా ఆమె దిగేది కాదు. ఒక నిమిషం అట్లాగే పట్టుకుని ఉండి, "ఆఁ, ఈ పొద్దుకు సుతి దొరికింది" అని టీ గిన్నె దించేది. రోజంతా ఏ పాట ఎత్తుకున్నా ఆ ఎత్తు మీదే. అంతలో ఈరమ్మ వాకిట్లోకి వచ్చేది. అత్తతో పక్కపక్కనే కూర్చుని పత్తి ఏరే మనిషి. లోపలికి తొంగి కూడా చూడకుండా రోజూ అదే కేక, "పద మే, కూతేసినారు!" ఇద్దరూ గబగబా పోయేవాళ్ళు.

మిల్లు సెలవు రోజున మా అత్తకు పాట రాదు. నేను అడిగితే చిరాకు పడేది. "కూత లేకుంటే యాడ ఎత్తుకోవల్ల మే పాట? గాల్లోనా?"

నాకు పెళ్ళయి ఎమ్మిగనూరు వచ్చాక ఈ సంగతి బాగా అనుభవమైంది. నా పెద్ద కూతురి పేరు పెట్టే రోజున అత్తను పాట పాడమన్నాం. మా అత్తగారి వైపు ఆడవాళ్ళంతా వచ్చారు. ఇంటి చుట్టూ మగ్గాలు టకటకమంటున్నాయి. అత్త దర్జాగా కూర్చుని పాట ఎత్తుకుంది. ఎత్తుకోవడమే ఎక్కడో ఆకాశంలో. రెండో చరణానికి గొంతు అందలేదు, టప్పున తెగిపోయింది. నాకు ప్రాణం చివుక్కుమంది. కొత్త చుట్టాల ముందు పరువు పోయిందే అనుకున్నాను. అత్త మాత్రం ఫక్కున నవ్వింది. "మీ ఊరికి తాళముంది గానీ సుతి లేదమ్మా! నా సుతి ఆదోనిలో మరిసిపోయి వచ్చినా" అంది. మగ్గాలనే తాళం అంటున్నదని అర్థమై అందరూ నవ్వారు. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ఏదైనా మరిచిపోతే "సుతి ఆదోనిలో ఉండిపోయిందా?" అనే అడుగుతాం.

ఎనభైల్లో క్యాసెట్లు వచ్చాయి. ఆదోని బజారులో పాటలు ఎక్కించి ఇచ్చే అంగడి ఒకటి పెట్టారు. ఆ అంగడాయన గురువారాలు మంత్రాలయం పోయే జనం కోసం భక్తి పాటల క్యాసెట్ చేయాలనుకున్నాడు. మిల్లు ఆడవాళ్ళు దసరాకు భజన చేస్తుంటే విని, అత్త పాటలకు ముచ్చటపడి ఇంటికి వచ్చాడు. "అక్కా, ఇవి యాడా దొరకని పాటలు. నువ్వు పాడాల్సిందే" అన్నాడు. అత్త ముందు బెట్టు చేసింది. తర్వాత ఒకటే అడిగింది. "మా అమ్మ ఇనొచ్చునా దాన్ని? ఇంట్లో కూసోని?" అప్పటికి జేజికి చూపు పోయింది, మంచం దిగడం లేదు. మిల్లు మానుకుని అత్త హొళగుందకు మాటిమాటికి పోలేకపోయేది. తన గొంతు అక్కడికి చేరితే చాలు, తను వెళ్ళినట్టే అని ఆమె లెక్క. ఎన్నిసార్లు కావాలన్నా వినొచ్చునని ఆయన చెప్పాడు. అత్త ఒప్పుకుంది.

మేడ మీద గది. కిటికీలకు బొంతలు కట్టారు. నేనూ వెళ్ళాను. అత్త కొత్త చీర కట్టుకుంది, ఎవరికి కనబడాలనో! పాటలన్నీ బాగా వచ్చాయి. చివరి పాట అత్త సొంతంగా కట్టుకున్నది.

"తుంగ గట్టున నిలిచినాను, దోనె యాడరా స్వామీ,
దోనె లేకుంటే మానె, నీ దయ యాడరా స్వామీ"

ఆ పాట ముగింపులో ఉండగా మధ్యాహ్నం కూత మోగింది. బొంతలు ఏం ఆపుతాయి దాన్ని! అంగడాయన తల పట్టుకుని, ఆపమని చేతులు ఊపాడు. అత్త కళ్ళు మూసుకుని ఉంది. కూత ఎక్కి నిలబడిన చోటికీ, ఆమె "స్వామీ" అని నిలిపిన చోటికీ వెంట్రుక వాసి తేడా లేదు. ఉండదు కదా, ఆ ఎత్తు ఆమెకు ఇచ్చిందే అది! కూత దిగిపోయాక కూడా ఆమె నిలబడి, నిదానంగా పాట ముగించింది. ఆయన తిప్పి విని, "ఉండనీ అక్కా, తంబూర పెట్టినట్టుంది" అన్నాడు.

క్యాసెట్ బయటికి వచ్చింది. పైన దేవుడి బొమ్మ, కింద ఎవరి పేరూ లేదు. అత్తకు ఒకటి తెచ్చి ఇచ్చాడు. వసారాలో నలుగురినీ పిలిచి పెట్టాం. పాట మొదలైంది. అత్త నా మొహం చూసింది. "ఇదెవురు మే?" అంది.

సన్నటి గొంతు. పదేళ్ళ పిల్ల పాడుతున్నట్టుంది. మాటలు అత్తవే, విరుపులు అత్తవే. గొంతు మాత్రం ఎవరిదో. చివర్లో వచ్చిన మిల్లు కూత కూడా రైలు పీపీలాగా పలికింది. నేను కోపంగా అంగడికి పోయాను, అత్త నా వెనకే వచ్చింది. ఆయన దాచలేదు. టేపు కొంచెం జోరుగా తిప్పి ఎక్కించానన్నాడు. అట్లా తిప్పితే గొంతు సన్నబడుతుందట. "జనానికి సినిమాల్లో ఇని ఇని సన్న గొంతు అలవాటైపోయింది అక్కా. ఆడమనిషి దేవుని పాట పాడితే అట్లనే ఉండల్ల అనుకుంటారు. నీ పాట నలుగురికీ చేరాలనే సరిచేసినా" అన్నాడు. సరిచేశాడట! ఆయన కళ్ళలో కపటం లేదు. తప్పు చేసినట్టు కూడా లేదు. ఆ మాటే నన్ను ఇంకా మండించింది. అసలు టేపు అప్పటికే చెరిపి వేరే పాటలు ఎక్కించేశాడు.

అయినా జేజికి వినిపించాలి కదా. అత్త ఒక రోజు సెలవు పెట్టి, నన్ను వెంటేసుకుని హొళగుంద వెళ్ళింది. ఏం చెప్పకుండా జేజి మంచం పక్కన టేప్ రికార్డరు పెట్టి బటన్ నొక్కింది. మా జేజి మాటల్లో సగం కన్నడం. శ్రద్ధగా తల ఊపుతూ వింది. "యారమ్మా ఇదు? ఎవురి బిడ్డో గానీ ముద్దుగ పాడతాంది" అంది. పాట అయిపోయాక చెయ్యి చాచి గాలిలో వెతికింది. "మా పాప పాట యావాగ పెడతారు?" అని అడిగింది.

అంటే ఎప్పుడు పెడతారు అని. నేను లేచి దొడ్లోకి పోయాను. నిలబడి ఏడ్చాను. లోపల నుంచి అత్త పాడటం వినిపించింది. అదే పాట, తన సొంత గొంతుతో. కూత లేని ఊరు కదా, కొంచెం తడుముకుంది, రెండు సార్లు ఎత్తుకుంది, మూడోసారి కుదిరింది. నేను తిరిగి వచ్చేసరికి జేజి ఆమె గడ్డం పట్టుకుని ఉంది. "వచ్చినావా పాపా" అంటోంది. అంతసేపూ పక్కనే కూర్చున్న కూతురు, ఆమెకు అప్పుడే వచ్చింది.

ఆ క్యాసెట్ మా వైపు బాగా తిరిగింది. మంత్రాలయం బస్టాండులో టీ అంగడి ముందు మేమిద్దరం నిలబడి ఉంటే అదే పాట వస్తోంది. టీ పోసే ఆయన అత్తతో "చిన్న పాపంట అమ్మా పాడింది, దేవుని వరం" అన్నాడు. నేను నోరు తెరవబోతే అత్త నా చెయ్యి నొక్కింది. "అవునప్పా, వరమే" అని టీ తాగింది. బస్సులో నేను గొణుగుతూనే ఉన్నాను. అప్పుడన్నదే ఆ మాట. "నీకెందుకు మే అంత ఉడుకు? పాట జనంలోకి పోయింది. పాట పోతే పోనీ, గొంతు నాకాడే ఉంది కదా." అన్నది గానీ, ఆ తర్వాత ఎవరు పిలిచినా రికార్డింగుకు మాత్రం పోలేదు.

కాలం ఎవరి కోసం ఆగుతుంది? మిల్లు మూతపడింది. కూత పెట్టే గొట్టాన్ని కూడా పాత ఇనుముకు ఎత్తుకుపోయారు. ఆ పొద్దు నుంచి అత్త పాడటం తగ్గింది. వయసు మీద పడింది, పళ్ళు పోయాయి, ఒకసారి జబ్బు చేసి లేచాక గొంతులో జీర మాత్రమే మిగిలింది. మాటకు సరిపోయేది, పాటకు కాదు.

మా చిన్నోడు కర్నూల్లో పాటల స్టూడియోలో పని చేస్తాడు. ఒకసారి అత్తను చూడటానికి వచ్చి, వసారాలో చెవులకు హెడ్‌ఫోన్ల దొప్పలు పెట్టుకుని పని చేసుకుంటున్నాడు. ఏం చేస్తున్నావని అత్త అడిగితే విప్పి చెప్పాడు. ఒక పెళ్ళికొడుకు తన పెళ్ళి వీడియోకు తానే పాట పాడాడట. స్వరం ఎక్కడా నిలవలేదు. కంప్యూటర్ ఒక్కొక్క స్వరాన్ని పట్టుకుని, పక్కకు జారిన దాన్ని సరైన మెట్టు మీద కూర్చోబెడుతుంది. ముందు పాడింది వినిపించాడు, తర్వాత సరిచేసింది వినిపించాడు. ఇప్పుడు సినిమా పాటల్లో కూడా ఇది లేనిదే పని జరగదన్నాడు. అత్త మెచ్చుకోలుగా నోరు చప్పరించింది. "బాగుంది నాయనా. మనిషి సంతోషపడినాడా?" అంది. చాలా సంతోషపడ్డాడని వీడు చెప్పాడు. "మంచిదే. వాళ్ళమ్మ గుర్తుపట్టిందా?" అని అడిగింది.

వాడికి అర్థం కాక నా వైపు చూశాడు. నాకు హొళగుంద మంచం కనిపించింది. అత్తే మళ్ళీ అంది. "కుంటోనికి కట్టె ఇస్తే తప్పులేదప్పా, పుణ్యం. బాగ నడిసేటోని కాలు ఇరగ్గొట్టి కట్టె ఇయ్యద్దు, అంతే." వాడు తన పని బల్ల మీద ఆ మాట రాసి అంటించుకున్నాడని తర్వాత తెలిసింది.

అత్త పోయిన పదకొండో రోజున సందులో పాతవాళ్ళంతా వచ్చారు. భోజనాలయ్యాక అందరూ వసారాలో కూర్చుని అత్త గొంతు గురించే మాట్లాడుకున్నారు. నా దిగులు నేను బయటపెట్టాను. ఉన్నదల్లా ఆ ఒక్క క్యాసెట్, అందులో ఉన్నది ఆమె కాదు అన్నాను. మా చిన్నోడు క్యాసెట్ పాటను అప్పటికే కంప్యూటర్లోకి ఎక్కించుకుని వచ్చాడు. "జోరుగా తిప్పిన దాన్ని నెమ్మది చెయ్యొచ్చమ్మా. కానీ ఎంత తిప్పాడో ఎవరికి తెలుసు? ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. నేను అవ్వ పాట వినలేదు కదా" అన్నాడు. అంటే ఆ గొంతు ఎత్తు ఎంతో చెప్పే కొలత కావాలి. మా జ్ఞాపకాలేమో తలా ఒక తీరు. నేనొకటంటే ఇంకొకరు ఇంకొకటి. ఇక రాదనే అనుకున్నాను.

అప్పుడే పాట చివరికి వచ్చింది. కంప్యూటర్లో రైలు పీపీ కూసింది. గోడకు ఆనుకుని కునుకుతున్న ఈరమ్మ కళ్ళు తెరిచింది. బాగా ముసలిదైపోయింది, మనుషుల్ని గుర్తుపట్టడం తక్కువ. "అదేం కూత అప్పా, పిల్లి గొంతు పిసికినట్టు? మన మిల్లుదేనా అది?" అంది.

అందరం ఒక్కసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అత్త గొంతుకు కొలత లేకపోవచ్చు. మిల్లు కూతను మరిచిపోయినవాళ్ళు మా సందులో ఎవరున్నారు! ఏళ్ళ తరబడి దానికే నిద్ర లేచారు, దానికే అన్నం తిన్నారు. మా చిన్నోడు ఆ కూత ముక్కను మాత్రం పట్టుకుని కొంచెం కొంచెం దించుతూ పోయాడు. "ఇంగ దించప్పా." "ఇంగ రోంత." "అయ్యో, దిగిపాయ, అది గూడ్సు బండి కూత. పైకి పోనీ." చెరువు గట్టు మీద చేపల బేరంలా ఉంది. అందరి నోళ్ళూ ఒక్కసారే లేచాయి. ఒక చోట మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మాటలు వాటంతట అవే ఆగిపోయాయి. ఆ ఎత్తు మీద కూత నిలబడి ఉంది. "సాలు" అంది ఈరమ్మ. "ఆడ ఉంచు."

వాడు అక్కడ ఉంచి, పాట మొదటికి పోయి వినిపించాడు.

మా అత్త పాడింది. లోతుగా, నిండుగా, తొందర లేకుండా. వెనక వరసలో కూర్చోబెట్టిన ఆ గొంతు సందంతా నిండిపోయింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. వచ్చినావా అత్తా, అనుకున్నాను. పక్కింటాయన నిలబడి తలపాగా తీశాడు. మా చిన్నోడు మొదటిసారి వింటున్నాడు, వాడి చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. పాట చివరికి వచ్చింది. "స్వామీ" అని అత్త నిలిపిన చోటికే మధ్యాహ్నం కూత ఎక్కి వచ్చి నిలబడింది. ఏది మిల్లో ఏది మనిషో తెలియలేదు.

ఈరమ్మ గోడ పట్టుకుని లేచింది. గడప దాటి వాకిట్లో నిలబడి, కొంగు విదిలించి, లేని దూదిని దులుపుకుంది. ఇంట్లోకి తొంగి కూడా చూడకుండా కేకేసింది.

"పద మే, కూతేసినారు!"